సవరణ: మోచేయి ఎత్తు, పిచ్‌ల లెక్క

మొన్నటి పోస్ట్‌లో బేస్‌బాల్ పిచింగ్‌లో (బ్యాటర్‌కి బంతి విసిరేటప్పుడు) మోచేయి భుజం ఎత్తుకి రావాలి అని రాశా కదా, అంటే మొదట్నుంచీ చెయ్యి పైకెత్తి పట్టుకోమని కాదండీ, ముందుకాలు నేలకి ఆనే టైంకి అక్కడికి చేరాలని. కాలు ఆనాక కూడా చెయ్యి కిందే ఉండిపోతే మోచేతి లోపలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మీద లోడ్ పెరుగుద్ది, 1974లో బేస్‌బాల్ పిచర్ టామీ జాన్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ సర్జరీ చేసింది ఆ లిగమెంట్‌కే. ఊరికే "ఎల్బో అప్" అని అరిస్తే పిల్లాడు భుజం బిగబట్టేస్తాడు, అంతకంటే ముందుగా నడుము తిరిగి ఆ తర్వాత భుజాలు తిరిగేలా మెల్లగా డ్రిల్ చేయించే కోచ్ నయం. ఇంకోటి, రోజుకి 85 పిచ్‌లు (విసిరే బంతులు) మించొద్దు అన్నది ఎంఎల్‌బీ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్) వాళ్ళ పిచ్ స్మార్ట్ అనే సూచనల ప్రకారం 11-12 ఏళ్ళవాళ్ళకి, 9-10 వాళ్ళకి 75 మాత్రమే.