ఆ మెసేజ్‌లో ఐదో పాయింట్ ఇంకెవరికీ పంపకండి

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఆరుగురు పంపారు. ఆరుగురూ చదువుకున్నవాళ్లే, నా మంచి కోరేవాళ్లే. "తిండి మీద చేసే పరిశోధనలన్నీ మోసం, ఇవిగో ఏడు రుజువులు" అని మొదలై "మీవాళ్లందరికీ పంపండి, ఒక ప్రాణం కాపాడినవాళ్లవుతారు" అని ముగుస్తుంది. మొదటి ఇద్దరికీ ఫోన్ చేసి నిదానంగా చెప్పాను. మూడోసారి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను, ఏడోవాళ్లు పంపితే వాళ్లకి తిరిగి ఇదే పంపుతాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం ఆ ఏడూ క్లుప్తంగా చెబుతాను. ఒకటి, సైంటిస్టులు రోజుకో మాట మారుస్తారు. రెండు, పరిశోధనలన్నీ కంపెనీల డబ్బుతోనే జరుగుతాయి. మూడు, జనాన్ని "ఏం తిన్నారు" అని అడిగి కట్టిన లెక్కలకి విలువ లేదు. నాలుగు, ఇరవై ముప్ఫై మందితో చేసినవన్నీ చెత్త. ఐదు, ఒక మొక్క సారం క్యాన్సర్ కణాల్ని చంపుతుందని ల్యాబ్‌లో రుజువైంది, ఆ సంగతి తొక్కిపెట్టారు, కీమో బదులు అది వాడితే చాలు. ఆరు, మన పూర్వీకులు ఏ పరిశోధనలూ చదవకుండానే ఆరోగ్యంగా బతికారు. ఏడు, ఎవరికి ఏది పడుతుందో వాళ్ల ఒళ్లే చెబుతుంది.

ముందు ఆరూ ఏడూ తేల్చేస్తాను. పూర్వీకుల్లో ముసలితనం దాకా బతికినవాళ్ల కథలే మనదాకా వచ్చాయి, పసితనంలో పోయినవాళ్ల గురించి చెప్పుకునేవాళ్లు మిగల్లేదు. ఆరో పాయింట్ సంగతి అంతే. ఇక ఒళ్లు చెబుతుందంటారా, కడుపులో బిడ్డకి మెదడు, వెన్నుపాము రూపు కట్టడం మొదలయ్యేది మొదటి నాలుగు వారాల్లోనే, అంటే చాలామందికి గర్భం నిలిచిందని తెలిసేలోపే. ఆ టైములో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తక్కువైందని ఏ ఒళ్లు చెబుతుంది? చెప్పింది ట్రయలే, అంటే చీటీలు తీసినట్టు జనాన్ని జట్లుగా విడదీసి, ఒక జట్టుకి ఇచ్చి ఇంకో జట్టుకి ఇవ్వకుండా పోల్చి చూసే పరీక్ష. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో చేసి 1991లో బయటపెట్టిన ట్రయల్‌లో, అంతకుముందు గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా రూపు కట్టని లోపం వచ్చిన తల్లులకి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, అది మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. అదీ తిండి మీద చేసిన పరిశోధనే. దాన్ని కూడా మోసం అంటారా?

నాలుగోది సగం నిజం. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు, విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బుతో మంచం పట్టిన 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేసి ఒక్కో జట్టుకి ఒక్కో వైద్యం చేశాడు. నారింజలూ నిమ్మకాయా తిన్న ఇద్దరిలో ఒకడు వారం తిరక్కుండా పనిలోకి దిగాడు, రెండోవాడు మిగతా అందరికంటే బాగా కోలుకున్నాడు. ప్రభావం అంత పెద్దదైతే పన్నెండు మంది చాలు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి, ఎంత కావాలంటే అంత తినమని పెట్టింది. ప్యాకెట్ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. ఇక్కడ పోల్చింది ఒకరిని ఇంకొకరితో కాదు, ప్రతి మనిషినీ తనతోనే, పైగా ప్రతి ముద్దా తూకం వేశారు. ఇరవై మందే కదా అని దీన్ని తీసిపారేయలేం.

మరి నిజమైన సగం ఏది? 2015లో జాన్ బోహానన్ అనే జర్నలిస్టు, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని కావాలనే ఒక పనికిరాని ప్రయోగం చేసి చూపించాడు. పదిహేను మంది మీద బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా 18 రకాల కొలతలు తీసుకున్నాడు. అన్ని కొలతలు తీసినప్పుడు ఏదో ఒకటి కేవలం అదృష్టం కొద్దీ "ఫలితం"లా కనబడే అవకాశం సగానికి మించే ఉంటుంది. కనబడింది, పేపర్లన్నీ వేసుకున్నాయి. కాబట్టి ఎంతమంది అని అడగడం ఒక్కటే చాలదు, ఎన్ని కొలిచారు, ఏది కొలుస్తామని ముందే చెప్పారు అనేది కూడా అడగాలి. మెసేజ్ రాసినాయన ఆ రెండో ప్రశ్న అడగలేదు.

రెండోది, కంపెనీల డబ్బు. ఇందులో నిజం ఉంది, చిన్న నిజం కూడా కాదు. 1967లో ఒక ప్రముఖ మెడికల్ జర్నల్‌లో గుండెజబ్బు గురించి వచ్చిన వ్యాసంలో చక్కెర మీద నెపం తగ్గించి కొవ్వు మీదికి తోశారు. అది రాసిన హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లకి చక్కెర పరిశ్రమ సంఘం డబ్బిచ్చింది, ఆ మాట వ్యాసంలో ఎక్కడా రాయలేదు. పాత ఉత్తరాలు తవ్వితీసి 2016లో దీన్ని బయటపెట్టింది ఎవరు? పరిశోధకులే, ఇంకో మెడికల్ జర్నల్‌లోనే. అలాంటి మోసాలు కష్టం చేయడానికే 2005 నుంచి పెద్ద మెడికల్ జర్నళ్లు, ఏం కొలుస్తారో ముందుగా రిజిస్టర్ చేయని ట్రయల్స్‌ని వేసుకోబోమన్నాయి. డబ్బు ఎవరిదో చూడండి, తప్పకుండా చూడండి. చూశాక పద్ధతి కూడా చూడండి. పైన చెప్పిన ఫోలిక్ యాసిడ్ ట్రయల్‌ని నడిపింది మాత్రల కంపెనీ కాదు. ఇంకో మాట, డబ్బు మనుషుల్ని పాడుచేస్తుందని చెప్పే ఈ మెసేజ్ చివర్లో, ఐదో పాయింట్‌లో చెప్పిన సారం ఎక్కడ కొనాలో ఫోన్ నంబర్ ఉంది. నాకు పంపిన ఆరుగురిలో ఒక్కరికీ అది ఎందుకు కనబడలేదు?

మూడోదానికి వచ్చేసరికి నేను ఆగాల్సి వచ్చింది. పోయిన ఏడాది వారానికి ఎన్నిసార్లు ఏం తిన్నారో గుర్తు తెచ్చుకుని రాయమంటే ఎవరు రాయగలరు? అలాంటి ప్రశ్నాపత్రం ఒకటి నేనే కూర్చుని నింపి చూశాను, సగం అంకెలు ఊహించి వేసినవే. పరిశోధకులకీ ఇది తెలుసు. 2013లో షోన్‌ఫెల్డ్, ఇయోనిడిస్ అనే ఇద్దరు ఒక వంటల పుస్తకంలోంచి 50 దినుసులు తీసి వెతికితే, వాటిలో 40 దినుసులకి క్యాన్సర్‌తో ముడిపెట్టి చేసిన పరిశోధనలు దొరికాయి. ఒకే దినుసు ఒకచోట ముప్పు పెంచుతుంది, ఇంకోచోట తగ్గిస్తుంది. కాబట్టి మూడో పాయింట్ రాసినాయన చెప్పింది, "విలువ లేదు" అన్న ఆ చివరి మాట తప్ప, నేను ఒప్పుకుంటాను.

ఎందుకు తప్ప అంటే, సిగరెట్ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని తెలిసింది కూడా జనాన్ని అడిగి, ఏళ్ల తరబడి గమనించే. సగం మందితో చీటీలు తీయించి సిగరెట్లు తాగించిన ట్రయల్ ప్రపంచంలో ఎక్కడా జరగలేదు. అక్కడ ముప్పు పది రెట్లు దాటింది కాబట్టి జ్ఞాపకాల్లో పొరపాట్లు దాన్ని మింగేయలేకపోయాయి. తిండి పరిశోధనల్లో చాలా ఫలితాలు పది శాతం, ఇరవై శాతం తేడాలు. అందుకే శాతం వినగానే టెన్షన్ పడకుండా "దేనిలో శాతం" అని అడగాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ప్రాసెస్ చేసిన మాంసం (సాసేజ్, బేకన్ లాంటివి) రోజుకి 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పి, దాన్ని పొగాకు ఉన్న గ్రూపులోనే పెట్టింది. రెండూ ఒకటే అన్నట్టు అందరూ రాసేశారు. ఆ గ్రూపు చెప్పేది ముప్పు ఎంత పెద్దదని కాదు, సాక్ష్యం ఎంత గట్టిదని. జీవితకాలంలో వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు అనుకుంటే, 18 శాతం పెరిగితే దాదాపు ఆరుగురికి వస్తుంది. ఆ ఒక్కరు తక్కువ కాదు, కానీ సిగరెట్‌తో పోల్చే లెక్క కూడా కాదు.

ఇక మొదటిది, మాట మారుస్తారని. మార్చకపోతే ఏమయ్యేదో చెబుతాను. పళ్లూ కూరగాయలూ ఎక్కువ తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించారు, అది వాటిలోని బీటా కెరోటిన్ అనే పదార్థం వల్లేమో అనుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే పొగతాగేవాళ్లందరికీ ఆ మాత్రలు పంచేవాళ్లు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ట్రయల్ చేశారు, 1994లో ఫలితం వచ్చింది: మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటి ఇంకో ట్రయల్‌ని, అదే దారిలో పోతోందని చూసి 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. మాట మార్చారు, అవును. దానివల్ల బతికినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఐదోది. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. మిగతా ఆరు నమ్మితే పోయేది కొంచెం తెలివి, ఇది నమ్మితే పోయేది మనిషి.

పైన నాలుగు పాయింట్లలో పరిశోధనలన్నీ అబద్ధం అని చెప్పినాయన, ఐదో పాయింట్‌కి వచ్చేసరికి "పరిశోధనలో రుజువైంది" అంటున్నాడు. అందులోనూ ఎలాంటి పరిశోధన? గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద సారం పోస్తే అవి చచ్చాయట. గాజు పళ్లెంలో ఉప్పు ఎక్కువేసినా చస్తాయి, బ్లీచ్ పోసినా చస్తాయి. చూడాల్సింది పక్కనున్న మంచి కణాలు బతికాయా లేదా అని. మింగిన సారం కడుపులో అరిగి, కాలేయం దాటి, రక్తంలోకి అంత మోతాదులో చేరుతుందా, చేరితే కణితి దగ్గరికి వెళుతుందా, వెళితే మనిషి ఎక్కువకాలం బతుకుతాడా, ఇవన్నీ ఆ పళ్లెం చెప్పదు. ఇన్ని మెట్లలో మొదటి మెట్టు ఎక్కి శిఖరం చేరామంటే ఎలా?

తొక్కిపెట్టారన్న మాట ఇంకా ఘోరం. మొక్కలో నిజంగా గుణం ఉంటే ఏం జరుగుతుందో చరిత్రలో ఉంది. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు 1962లో సేకరించారు, దాంట్లోంచి తీసిన పాక్లిటాక్సెల్ అనే మందుకి ముప్ఫై ఏళ్ల పరీక్షల తర్వాత 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ని పిల్లలకి వచ్చే ల్యుకేమియాకి (రక్త క్యాన్సర్‌కి) ఇప్పటికీ వాడుతున్నారు. ఈ రెండూ ఏమిటనుకుంటున్నారు? కీమో మందులే. మొక్కనా కీమోనా అని మెసేజ్ పెడుతున్న పోటీయే అబద్ధం. పరీక్షలన్నీ గట్టెక్కిన మొక్క మందే ఆసుపత్రిలో సెలైన్ గొట్టంలోంచి ఎక్కుతోంది.

వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశారు. వేరే భాగాలకి పాకని రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లున్నవాళ్లలో, అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయాలే నమ్ముకున్న 281 మందిని వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చిన అమెరికా అధ్యయనం 2018లో వచ్చింది. మానేసినవాళ్లకి చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్ల పైన.

ఆగండి, ఇదీ చీటీలు తీసి చేసిన ట్రయల్ కాదు కదా అని మీరు అడగాలి. అడగడం న్యాయం. మానేసినవాళ్లు ముందునుంచే ఎక్కువ జబ్బుతో ఉన్నారేమో అని నేనూ చూశాను. వాళ్లు సగటున వయసులో చిన్నవాళ్లు, ఇతర జబ్బులు తక్కువున్నవాళ్లు, చదువూ ఆదాయమూ ఎక్కువున్నవాళ్లు; క్యాన్సర్ మాత్రం వాళ్లలో కొంచెం ముదిరిన దశలోనే ఎక్కువ, అందుకే వయసు, క్యాన్సర్ దశ, ఇతర జబ్బులు కలిసేవాళ్లతోనే జతచేసి పోల్చారు. అయినా ముందు పోయింది వైద్యం మానేసినవాళ్లే. నాకు నచ్చిన ఫలితం కాబట్టి వదిలేయకుండా ఇలా అడగడం నాకు ఆలస్యంగా అబ్బింది. 2013లో స్పెయిన్ నుంచి 7,447 మందితో చేసిన ఆహార ట్రయల్ వచ్చినప్పుడు, ఆలివ్ నూనె, బాదం లాంటి గింజలతో గుండెజబ్బులు దాదాపు 30 శాతం తగ్గాయని నేనే కనబడినవాళ్లందరికీ పంపాను. 2018లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఒకచోట మనిషికో చీటీ తీయకుండా ఊరంతటికీ ఒకే ఆహారం ఇచ్చేశారని తేలింది. లెక్కలు సరిచేసి, గొంతు కొంచెం తగ్గించి మళ్లీ వేశారు. ఫలితం చాలావరకు నిలబడింది, కానీ ఆ సవరణని నేను ఎవరికీ పంపలేదు. అది నా తప్పు, ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

అందుకే మిమ్మల్ని అడిగే హక్కు నాకు కొంచెమే ఉంది, అయినా అడుగుతున్నాను. నాకు ఆ మెసేజ్ వచ్చిన గ్రూపుల్లో ఒకదాంట్లో కీమో నాలుగో విడత నడుస్తున్న అక్క ఒకరు ఉన్నారు. వాంతులతో పడుకుని ఫోన్ చూసుకుంటూ ఆమె ఆ ఐదో పాయింట్ చదివింది, నాకు ఫోన్ చేసి "ఇది నిజమైతే నేను ఇంత బాధ ఎందుకు పడాలి?" అని అడిగింది. మీరు ఆ మెసేజ్ ఏయే గ్రూపుల్లో పెట్టారో ఇప్పుడే వెళ్లి తీసేయండి, కింద "ఐదోది తప్పు, నేను చూసుకోలేదు" అని ఒక్క లైను రాయండి.