విమానానికి శంకుస్థాపన

తిరుపతిలో ఇంతవరకు శంకుస్థాపనకు నోచుకోనిది ఏదైనా మిగిలి ఉందంటే అది విమానమే. ఆ లోటూ తీరబోతోంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు డకోటా విమానం ఒకదాన్ని సంపాదించి, ఎగిరే స్థితికి తెచ్చి, రేణిగుంట నుంచి గాలిలోకి లేపడానికి నగర ప్రముఖులు కొందరు కమిటీగా ఏర్పడ్డారు. కరపత్రం నాకూ అందింది. మంచి గ్లేజు కాగితం. దాని నిండా ప్రముఖుల ముఖాలు, ఒక మూల చిన్న విమానం. అది జెట్ ఫైటర్. డకోటాకు రెండు పంకాలు ఉంటాయన్న సంగతి ఫ్లెక్సీ షాపు వరకు చేరినట్టు లేదు.

విమానం ఇంకా దొరకలేదు. అయినా శంకుస్థాపనకు ముహూర్తం కుదిరింది. మన ప్రాంతంలో ఈ క్రమానికి ఎవరూ ఆశ్చర్యపోరు కాబట్టి ముందుకు వెళదాం.

వెనక పేజీలో అంచనా వ్యయం ఉంది. వేదిక, షామియానా, ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, డ్రోన్ వీడియో, విమానానికి రంగులు. అట్టడుగున, కంటికి ఆనీ ఆనని అక్షరాలలో, “యంత్ర భాగాలు: దాతల సహకారంతో”. డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కోదానికి గుండ్రంగా పేర్చిన 14 సిలిండర్లు, సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. మొత్తం 56 ప్లగ్గులు. కల్యాణ మండపాల్లో ట్యూబులైటు వెలుతురు కనిపించనంతగా దాతల పేర్లు రాయించిన మనకు ఇది పెద్ద పని కాదు. ప్లగ్గుకు ఒక తాతగారు చొప్పున 56 మంది తాతలు దొరకరా?

రేణిగుంటలో దిగే జెట్లు తాగేది కిరోసిన్ జాతి ఇంధనమని, డకోటాకు హై ఆక్టేన్ విమాన పెట్రోలు కావాలని ఎవరో గుర్తు చేశారట. “పెట్రోలే కదా, మా బావమరిదికి బంకు ఉంది” అన్నారట కన్వీనర్ గారు. ఎగరడానికి యోగ్యమని విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ ధ్రువపత్రం ఇవ్వాలి కదా అంటే, అవసరమైతే కమిటీ మొత్తం కాణిపాకం వెళ్లి ప్రమాణం చేస్తుందట. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడితే ఏమవుతుందో చిత్తూరు జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. డీజీసీఏ వారికి తెలియకపోవడం వారి అజ్ఞానం.

ప్రారంభోత్సవం ఎలా జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు. ముహూర్తం ఉదయం ఆరింటికి, మంత్రిగారు వచ్చేది పదకొండింటికి. ఈలోగా వాహన పూజ. అలిపిరి దగ్గర కొత్త కార్లకు చేయించే అలవాటు కొద్దీ నాలుగు నిమ్మకాయలు తెస్తారు. డకోటాకు ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. అంతే. ఒక నిమ్మకాయ మిగిలిపోతుంది. నాలుగో చక్రం ఏమైంది? అమ్మినవాడే కాజేశాడంటారు కోశాధికారి. దారిలో ఊడిపోయి ఉంటుందని సంయుక్త కార్యదర్శి లారీ డ్రైవరును నిలదీస్తారు. స్టెప్నీ ఎక్కడుందో వెతికి దాని కింద పెట్టమని మరొకరి సలహా. పోలీసులకు ఫిర్యాదు చేయాలా వద్దా అన్న చర్చ గంటసేపు సాగి, మిగిలిన నిమ్మకాయను మంత్రిగారి చేతికే ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు.

అంతలో అధ్యక్షుల వారి కన్ను తోక మీద పడుతుంది. ముక్కు ఆకాశంలో, తోక నేల మీద! బండి వెనక కుంగిపోయింది! డకోటా నేల మీద నిలబడే తీరే అది, పరుగు అందుకున్నాక తోక దానంతటదే లేస్తుంది. ఆ మాట చెప్పబోయిన పెద్దాయన ఒకరు అక్కడ ఉంటారు. వాయుసేనలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. “మీరు కాసేపు కూర్చోండి పెద్దాయనా” అని ఆయనను పక్కకు జరిపి, జాకీలు తెప్పించి, తోక ఎత్తి, కింద ఇటుకలు పేరుస్తారు. మేస్త్రీ రసమట్టం పెట్టి చూసి, సరిగ్గా ఉందంటాడు. చప్పట్లు.

ఇక కొబ్బరికాయ. రాయి దూరంగా ఉంది, పంకా రెక్క దగ్గరగా ఉంది. ఠపీమని దాని అంచు మీదే కొడతారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం మానేస్తుంది. ఆ అంచు మీద గోరంత గాటు ఉన్నా ఫిట్టరు వేలి కొనతో తడిమి పట్టుకుంటాడు, ఆకురాయితో నునుపు చేసేదాకా వదలడు. పగులు మొదలయ్యేది గాటు దగ్గరే. పూర్తి వేగంలో ఆ రెక్క విరిగితే ఇంజనే ఊడి రావచ్చు. స్టార్టరు నొక్కే ముందు పంకాను చేత్తో తిప్పాలని కూడా ఆ పెద్దాయన చెబుతాడు. ఆగి ఉన్న ఇంజన్లో నూనె కింది సిలిండర్లలోకి దిగి నిలుస్తుంది. చూసుకోకుండా స్టార్టు చేస్తే పిస్టన్ ఆ నూనెను నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కానీ పంకాకు అప్పటికే గజమాల వేశారు. తిప్పితే మాల తెగుతుంది. “ఫొటోలు అయ్యాక చూద్దాం” అంటారు.

ఆయన ఎలాంటి చేతుల వారసుడో ఈ కమిటీకి తెలుసా? యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన కాన్పూరులో వదిలేసిన లిబరేటర్ బాంబర్లను, ఇంకెవరికీ పనికి రాకూడదని పగలగొట్టి మరీ పోయారు. 1948లో బెంగళూరు విమాన కర్మాగారం హెచ్‌ఏఎల్ మనుషులు ఆ తుక్కులోకి దిగారు. దీని భాగం దానికి, దాని భాగం దీనికి వేసి, ఎగరగలిగే మేరకు సిద్ధం చేసి, బెంగళూరుకు ఎగరేసుకుపోయి, 42 బాంబర్లను మళ్లీ బతికించారు. మన వాయుసేన వాటిని 1968 దాకా నడిపింది. వాటిలో ఒకటి 1974లో సొంత రెక్కల మీద ఇంగ్లండు చేరి అక్కడి వాయుసేన మ్యూజియంలో ఉంది. ఆ పని చేసిన ఫిట్టర్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. ఏ కూడలిలో ఉంది వాళ్ల విగ్రహం? ఏ ఐటీఐలో ఉంది వాళ్ల ఫొటో?

అదే దేశం 2018 నాటికి ఎగిరే డకోటా ఒకటి కావాలంటే బ్రిటన్‌లో బాగు చేయించుకుంది. ‘పరశురామ’ అని పేరు పెట్టుకున్న ఆ డకోటాను తప్పు పట్టడం లేదు. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సైనికులను దించిన డకోటా నంబరు, వీపీ 905, దాని తోక మీద ఉంది. అది గాలిలో ఉండాల్సిందే. 2023లో భువనేశ్వర్ వాళ్లు కూడా బిజూ పట్నాయక్ కాలపు డకోటాను కోల్‌కతా నుంచి విడి భాగాలుగా లారీల మీద తెచ్చి నిలబెట్టుకున్నారు, ఎగురుతుందని ఎవరికీ బొంకలేదు. నా కోపం వేరు. తుక్కులోంచి బాంబర్లను లేపిన చేతులు ఒక్కొక్కటిగా రిటైరై ఇళ్లకు పోతుంటే, పక్కన నిలబడి నేర్చుకోవడానికి మనం ఒక్క కుర్రాణ్ని పంపలేదు. శాలువాలు పంపాం.

కన్వీనర్ గారూ, డకోటా నిజంగా దొరికితే ముందు ఆ రంగుల డబ్బాలు దాచేయండి. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది అల్యూమినియం తినేసుకుపోతున్న గుర్తు. దాని మీద పుట్టీ పెట్టి ఎనామిల్ పూస్తే లోపల తినడం ఆగదు, మన కంటికి కనపడటం మాత్రం ఆగుతుంది. పైకప్పు ఉన్న షెడ్డులో ఉంచండి. రెక్క మీదికి ఎవరినీ ఎక్కనివ్వకండి, మీ మనవడైనా సరే. ఆ పెద్దాయనకు ఒక బల్ల, మంచి లైటు, నెల జీతం మీద ఇద్దరు ఐటీఐ కుర్రాళ్లను ఇవ్వండి. ఎన్నేళ్లు పడుతుందని ఆయనను అడగవద్దు. మంత్రిగారి డేటు మాత్రం అసలే తీసుకోవద్దు.