చల్లని ఇల్లు ప్లాన్‌లోనే మొదలవ్వాలి

మే నెలలో బెజవాడ డాబా రాత్రి పదింటికి కూడా చల్లారదు. పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని పొద్దుపోయాక కింద గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ గాలినే తిప్పుతుంది. ఏసీ ఉన్న ఇంటి వేడి సందులోకి, అక్కణ్నించి పక్కింటి కిటికీలోకి వెళుతుంది. కరెంటు బిల్లు చూసి బాధపడేవాళ్లలో ఎంతమంది ఇల్లు కట్టేటప్పుడు పైకప్పు గురించి మేస్త్రీని ఒక్క మాటైనా అడిగి ఉంటారు?

పర్యావరణహిత ఇల్లంటే డబ్బున్నవాళ్ల ముచ్చటనే అభిప్రాయం పోవాలి. డాబాకు వేసవి ముందు, ఎండను తిప్పికొట్టే తెల్లసున్నం కొట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ల మనకు దగ్గరే. సోలార్ పలకల్ని శ్లాబుకు కాస్త ఎత్తులో బిగిస్తే కరెంటుతో పాటు నీడా దక్కుతుంది. ఇళ్లపై సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ఉంది.

పడమటి ఎండ సంగతి వేరు. అది ఏటవాలుగా వస్తుంది కాబట్టి కిటికీ మీది సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. పైగా వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలోనే పెడతాం. అంటే సాయంత్రం ఇంట్లో అన్నిటికన్నా కాగే మూలలోనే రాత్రి పడుకుంటున్నాం. వాస్తు మానుకోమని మేం చెప్పడం లేదు. ఆ గోడ బయట వేపచెట్టుకు చోటు వదలండి. లేదా గోడను ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. కేరళలో వాస్తుశిల్పి (ఆర్కిటెక్ట్) లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు. సుమారు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, లోపలికి వేడి తగ్గుతుంది. ఇటుకకూ పొలం మట్టి తవ్వనక్కర్లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకలు ఉన్నాయి.

ఎక్కడిదో చూసి మట్టి ఇల్లు కడదామనుకునేవాళ్లకు ఒక మాట. మనది ఉక్కపోత వాతావరణం. ఇక్కడ మందపు గోడల కన్నా ఎదురెదురు కిటికీలే ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు మన సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచిన సంగతి మరవకూడదు. నీళ్లు నిలిచే చోట కింది భాగమంతా తడికి తట్టుకునేదే కావాలి.

ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిర్మాణ ప్రమాణం ఎకో నివాస్ సంహిత పైకప్పు నుంచి ఎంత వేడి దిగొచ్చో హద్దు పెట్టింది. ఆ ప్రమాణం 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాలకే. నూట యాభై, రెండు వందల గజాల్లో కట్టుకునే మధ్యతరగతి ఇళ్లన్నీ దాని బయటే ఉన్నాయి. ఈ ఇళ్ల మీదే నగరపాలక సంస్థ దృష్టి పెట్టాలి. సెట్‌బ్యాక్‌ను, అంటే ఇంటిచుట్టూ వదలాల్సిన ఖాళీని కొలిచినంత పట్టుదలగా పైకప్పునూ పడమటి గోడనూ ప్లాన్ దశలోనే చూడాలి. చల్లని పైకప్పు వేసినవారికి ఇంటిపన్నులో కొంత తగ్గింపు ఇవ్వాలి. 2024 నాటి వరద నీటిమట్టాన్ని వీధివారీగా నమోదు చేసి, అనుమతి పత్రంలోనే పునాది ఎత్తు రాసివ్వాలి. వచ్చే వేసవిలోపు ఇది మొదలు కావాలని కోరుతున్నాం.