వ్యాగన్ తలుపుకు వేలాడే సీలు గారికి

మహారాజశ్రీ సీలు గారి సముఖానికి,

గూడ్సు వ్యాగన్లు వచ్చి ఆగే సైడింగులో రిజిస్టరు రాసే గుమాస్తా నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. తమ మొహం మీద సెల్‌ఫోన్ టార్చి కొట్టి, పట్టిన మసిని బొటనవేలితో తుడిచి, కళ్ళు చికిలించి నంబరు చదివేది నేనే. రెండు నిమిషాల తర్వాత తమరిని కట్టరుతో కోయించేదీ నేనే. ఏమీ అనుకోకండి, జీతం దానికే ఇస్తారు.

ఇది బహిరంగ లేఖ కాబట్టి తమరి రూపురేఖలు ముందు నాలుగు మాటల్లో చెప్పాలి. చదివేవాళ్ళలో చాలామంది తమరిని దగ్గర్నుంచి చూసి ఉండరు. చిటికెన వేలంత వెడల్పున్న రేకు పట్టీ, దాని ఒక కొసన చిన్న గుండు. రెండో కొసను తలుపు గొళ్ళెం కన్నంలోంచి దూర్చి ఆ గుండులోకి నొక్కితే లోపల 'టిక్' మంటుంది. అంతే, ఇక వెనక్కి రాదు. పట్టీ మీద ఉబ్బెత్తుగా ఓ నంబరు. గాలికి కొంచెం ఊగుతుంది కూడా. పదుల టన్నుల సరుకు, మనిషి కంటే ఎత్తైన ఇనప తలుపు, ఆ తలుపును నమ్ముకున్న కంపెనీలు, ఇన్సూరెన్సు వాళ్ళు, కస్టమ్స్ వాళ్ళు అందరూ కలిసి ఆ ఊగే రేకుముక్క మీద భారం వేసి నిద్రపోతున్నారు. ఇంకో అవతారంలో తమరు ఉక్కు బోల్టు. అప్పుడు కాస్త పెద్దమనిషి తరహా ఉంటుంది. పని మాత్రం అదే.

 క్యాటలాగుల్లో తమరి పేరు ముందు 'ఎవరైనా చెయ్యి పెడితే బయటపెట్టే' అని ఓ విశేషణం తగిలిస్తారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మనవాళ్ళు ఎగతాళి చేస్తారు గానీ, తమరి విషయంలో అది ఎగతాళి కాదు, అపాయింట్‌మెంట్ ఆర్డరు. దొంగను ఆపమని తమరికి ఎవరూ చెప్పలేదు. దొంగ వచ్చి వెళ్ళాడని, అదీ వెళ్ళిపోయాక చెబితే చాలన్నారు. ఎవరు వచ్చారో చెప్పనక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు వచ్చారో కూడా చెప్పనక్కర్లేదు. ఇంత సుఖమైన ఉద్యోగం ఈ భూమ్మీద ఇంకోటి ఉందా?

అయినా తమరి పక్షాన మాట్లాడాల్సింది కొంత ఉంది, మాట్లాడతాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఈ రేకుముక్క ఎందుకండీ, మంచి తాళం కప్ప వేస్తే పోదా?" పోదు. తాళం వేస్తే తాళంచెవి కూడా ప్రయాణం చెయ్యాలి. నింపేది ఒకరు, మధ్యలో తనిఖీ చేసేది ఒకరు, దింపేది ఇంకొకరు. అందరి దగ్గరా తాళంచెవి ఉంటే అది తాళమే కాదు. పైగా చేయి తిరిగినవాడు తాళాన్ని తీసి మళ్ళీ వేసేస్తే దాని మొహంలో ఏ మార్పూ ఉండదు, ఏమీ ఎరగనట్టు వేలాడుతుంది. తమరు అలా కాదు. తాళంచెవి లేదు. ఒక్కసారే పనికొస్తారు. తెరవాలంటే తమరిని తెంపాల్సిందే. పైగా పోయేది సరుకు ఒక్కటే అయితే లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. లోపలికి ఏదైనా వచ్చి చేరితే? దొంగ సరుకు పెట్టొచ్చు, తినే గింజల్లో ఏమైనా కలపొచ్చు. అందుకే తిండిసరుకు వ్యాగన్‌కు సీలు తెగి కనిపిస్తే, లోపల గింజ కూడా తగ్గకపోయినా, మొత్తం లోడునే వద్దు పొమ్మనేవాళ్ళు ఉన్నారు. అక్కడ తమరి మొరుగుడు ఆలస్యమైనా విలువైందే. ఒప్పుకుంటున్నాను.

తమరి వంశం కూడా ఘనమైనదే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సుంకాల అధికారి గురించి చెప్పే చోట తమరి పూర్వీకుల ప్రస్తావన ఉంది. ముద్ర లేని సరుకుకు రెట్టింపు సుంకం, దొంగ ముద్ర వేస్తే ఎనిమిది రెట్లు. అంటే అప్పటికే దొంగ ముద్రలు ఉన్నాయన్నమాట, లేకపోతే రేటు ఎందుకు కడతారు? ఈజిప్టులో 1922లో బయటపడ్డ టుటంఖామున్ రాజు సమాధిలో లోపలి మందిరం తలుపులకు తాడు ముడి, దాని మీద మట్టి ముద్ర, 3 వేల ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా దొరికాయి. ఆ ఫొటో చూపించి తమరి వంశంవాళ్ళు ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటూ ఉంటారు. అదే సమాధి బయటి ద్వారం సంగతి మాత్రం ఎత్తరు. దాన్ని ఆ కాలంలోనే దొంగలు తవ్వి లోపలికి దూరితే, కాపలా అధికారులు కన్నం పూడ్చి, పైన మళ్ళీ ముద్ర కొట్టేశారు. నా ముందుతరం గుమాస్తా ఎవరో 'ద్వారం మూసి ఉంది, ముద్ర ఉంది' అని రాసుకుని ఇంటికి వెళ్ళిపోయే ఉంటాడు. ఆయనకు ఇక్కడినుంచే నమస్కారం.

రైళ్ళ మీదికి వచ్చాక తమరు మొదట సీసం గుళ్ళు, తీగ. పట్టకారులాంటి దానితో నొక్కితే గుర్తు పడేది. ఆ తర్వాత స్వీడన్ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన ఎమిల్ టైడెన్ అనే ఆయన దానంతట అదే బిగుసుకునే సీలు కనిపెట్టాడు. డైనింగ్ టేబుల్ పలకలు విడిపోకుండా పట్టే లాకులకు కూడా ఆయనదే పేరు. టేబుల్‌కూ వ్యాగన్‌కూ ఒకే బుర్ర పనిచేసిందని తెలిశాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు తమరికి ఐఎస్ఓ 17712 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. రైల్లోలాగే తమరిలోనూ తరగతులు. అడుగున సూచిక సీలు, చేత్తోనో చిన్న కత్తెరతోనో పోతుంది. మధ్యలో భద్రతా సీలు. పైన అధిక భద్రతా సీలు, అది 10 కిలోన్యూటన్ల లాగుడుకు తట్టుకోవాలి, అంటే దాదాపు టన్ను బరువు వేలాడినంత. ఇది చదివి నేను కాసేపు గర్వపడ్డాను. కిందికి చదివితే, దీన్ని తీయడానికి మంచి బోల్టు కట్టరు కావాలి అని ఉంది. మంచిది కావాలట! మా షెడ్డులో గోడకు ఆనించి ఉన్నది మంచిదే. అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోజర్ జాన్‌స్టన్ బృందం 244 రకాల సీళ్ళను పరీక్షించింది. అన్నింటినీ మామూలు పనిముట్లతోనే బోల్తా కొట్టించవచ్చని తేలింది. తెంపడం గురించి కాదు నేను చెప్పేది, అదెవడైనా చేస్తాడు. తీసి, మళ్ళీ ఏమీ జరగనట్టు పెట్టేయడం. సాక్షిని చంపడం కాదండీ, కొనెయ్యడం!

అందుకే తమరిని చూసే పద్ధతికి నాలుగు మెట్లు పెట్టారు. చూడు, సరిపోల్చు, లాగు, తిప్పు. అమెరికా కస్టమ్స్ వాళ్ళు కంటైనర్ల విషయంలో చెప్పే పాఠం ఇది. సీలును, గొళ్ళేన్ని చూడాలి, నంబరు కాగితంతో సరిపోల్చాలి, గట్టిగా లాగాలి, మర తిప్పినట్టు తిప్పి చూడాలి. కొన్నిసార్లు దొంగ తమరి జోలికే రాడు. గొళ్ళెం రివెట్టు తొలిచి, తలుపు తీసి, పని చూసుకుని, కొత్త రివెట్టు బిగించి పైన రంగు పూసేస్తాడు. తమరు మాత్రం నంబరుతో సహా పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉంటారు.

మరి ఇక్కడ జరిగేది ఏమిటో తమరికి తెలియంది కాదు. చూడటం వరకు చేస్తాం. సరిపోల్చడం అంటే, కాగితంలో ఉన్న నంబరు నోట్లో పెట్టుకుని సీలు దగ్గరికి వెళ్తాం. అదే నంబరు కనిపిస్తుంది. కనిపించాలని వెళ్తే కనిపించకేం? ముందు సీలు చదివి రాసుకుని, తర్వాత కాగితం తియ్యమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. లాగడం, తిప్పడం మాత్రం ట్రైనింగు రోజున చేశాం.

ఇంకో రహస్యం. వ్యాగన్‌కు రెండు పక్కలా తలుపులు ఉంటాయి. ఈ పక్క ప్లాట్‌ఫారం, లైటు, నేను, రిజిస్టరు. ఆ పక్క కంకర, ముళ్ళకంప, పక్క లైను మీద ఇంకో గూడ్సు. ఈ పక్కన ఉన్న తమరికి జరిగే మర్యాదలో పదోవంతు కూడా ఆ పక్కన ఉన్న తమరి తోబుట్టువుకు జరగదు. "అటు పక్కా?" అని నేనడిగితే, "అదీ ఉంటుందిలెండి సార్" అంటాడు మావాడు. ఆ 'లెండి' లోంచి ఎన్ని బస్తాలు దిగిపోయాయో లెక్క కట్టలేం. ఇక పైకప్పు మూతలు, అడుగు గేట్లు ఉండే గింజల వ్యాగన్లైతే, ఒక్కోదానికి ఎన్ని సీళ్ళు ఉండాలో అన్నీ ఎక్కి దిగి చూసినవాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. వర్షాకాలంలో అసలే తారసపడడు.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. వ్యాగన్ వచ్చింది. తమరు చక్కగా ఉన్నారు. నంబరు సరిపోయింది. కోశాం, తెరిచాం, లెక్కపెట్టాం. పదకొండు బస్తాలు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టాం, అవే పదకొండు. పై ఆఫీసుకు ఫోన్ చేశాను.

"సీలు ఉందా?"

"ఉందండి."

"నంబరు?"

"సరిపోయిందండి."

"అయితే సరుకు కూడా ఉన్నట్టే."

"లేదండి, లెక్కపెట్టాం."

"సీలు ఉన్నాక సరుకు ఎలా తగ్గుతుందయ్యా? నువ్వు దింపేటప్పుడు చూసుకోలేదేమో."

ఆ ఒక్క ముక్కతో దొంగ ఎవరో తేలిపోయింది. నేను! తమరు తెగి ఉంటే దారిలో పోయినట్టు. తమరు చెక్కుచెదరకుండా ఉంటే బండివాళ్ళకు బాధ్యత లేదు. వాళ్ళ కాగితంలో ముందే రాయించుకుంటారు, పంపినవాడే నింపి, పంపినవాడే లెక్కపెట్టాడని. పంపినవాడేమో నేను నింపి సీలు వేశాను, చూసుకోండి అంటాడు. మిగిలింది తలుపు తెరిచినవాడు. అప్పుడు అర్థమైంది నాకు, తమరు కాపలా కాసేది సరుకును కాదు, నష్టం ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్నను. ఆ పని మాత్రం చాలా శ్రద్ధగా చేస్తారు. మూడు వారాలు నేను వివరణలు రాసుకున్నాను. తమరు మాత్రం అప్పటికే రెండు ముక్కలై పట్టాల మధ్య కంకరలో హాయిగా పడి ఉన్నారు. కోసిన ముక్కలు దాచిపెట్టమని రూలు. ఆ రోజు దాచి ఉంటే లోపలి గుండును కోసి చూసేవాళ్ళం, ఎవరైనా ఇదివరకే విప్పారా అని. దాచలేదు. తప్పు నాదే, అది వివరణలో రాయలేదు.

తమరికి వియన్నాలో గొప్పింటి చుట్టం ఒకరు ఉన్నారు, ఎరుగుదురా? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ళు అణు పదార్థాల డబ్బాలకు దశాబ్దాలుగా వేస్తూ వచ్చిన లోహపు మూత సీలు. నాణేనికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. వెయ్యకముందే మూత లోపలి గీతలకు ఫొటో తీసి పెట్టుకుంటారు. పని అయ్యాక ఆఫీసుకు తెచ్చి, విప్పి, ఆ గీతలు అవేనా కాదా అని పోల్చి చూస్తారు. సాక్ష్యం చెప్పించుకుంటారన్నమాట. అక్కడ సీలు తిరిగి వచ్చాకే అసలు పని మొదలవుతుంది, ఇక్కడ తెగగానే అయిపోతుంది. ఇద్దరూ ఒకే జాతి. అదృష్టం వేరు.

ఇక ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తమరెంత? మా ఆఫీసులో కొత్త సీళ్ళ కట్ట బల్ల సొరుగులో ఉంటుంది, స్టేప్లరు పిన్నుల పక్కన. చెక్కు పుస్తకంలా ఒక్కోటీ లెక్క ఉండాలి. ఎవరికి ఇచ్చామో, ఏ తలుపుకు వేశామో, పాడైపోయినవి ఎన్నో. ఒక్క సీలు తప్పిపోయినా అది ఎక్కడో ఒక తలుపుకు అబద్ధపు సాక్షి అవుతుంది. సొరుగుకు తాళం ఉంది. తాళంచెవి పోయి రెండేళ్ళైంది. ఎవరూ తీయకుండా సొరుగుకు ఓ సీలు వేద్దామని మా కుర్రాడు సలహా ఇచ్చాడు. పదోన్నతికి అతని పేరు సిఫారసు చేస్తున్నాను.

ఈమధ్య తమరిలో ఎలక్ట్రానిక్ రకం కూడా వచ్చింది. తెగగానే మెసేజ్ పంపుతుందట, చోటు, సమయంతో సహా. ఆర్నెల్ల కుక్క ఇప్పుడు అక్కడికక్కడే మొరుగుతుంది, సంతోషం. కానీ మొరిగితే లేచి చూడాల్సింది మళ్ళీ మేమే కదా. రాత్రి రెండు గంటలకు ఆ మెసేజ్ ఎవరి ఫోనుకు వస్తుందో, ఆ ఫోను సైలెంట్‌లో ఉంటుందో లేదో, ఆ సంగతి ఏ ప్రమాణంలోనూ రాసినట్టు లేదు.

అమెరికా చట్టం మాత్రం తమరికి మంచి గౌరవం ఇచ్చింది. రాష్ట్రాల మధ్య సాగే సరుకు ఉన్న రైలు పెట్టె సీలును దొంగతనం ఉద్దేశంతో తెంపితే చాలు, లోపల్నుంచి ఏమీ తీయకపోయినా నేరమే, పదేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. అంత రేకుముక్కకు అంత పరువు! నాకు వ్యక్తిగతంగా అసూయ కలిగింది. నన్ను ఎవరైనా ఏమైనా అంటే పది నిమిషాలు కూడా వెయ్యరు.

విన్నపం ఇంతే. కోపం లేదు. వచ్చే బండిలో మళ్ళీ కలుద్దాం.

ఇట్లు,
తమ విధేయుడు,
సైడింగు గుమాస్తా

తా.క.: ఇది రాస్తుండగానే ఓ వ్యాగన్ వచ్చి నిలబడింది. అటుపక్కకు కూడా వెళ్ళాను, ప్యాంటు చిరిగింది. ఇటుపక్క తమరి చివరి అంకె మసిలో పడి 3 లాగానూ ఉంది, 8 లాగానూ ఉంది. కాగితంలో 8 ఉంది. బొటనవేలితో రుద్దాను, ఉమ్మి పెట్టి రుద్దాను, ఇంకా రెండూ ఉన్నాయి. కట్టరు భుజాన వేసుకుని కుర్రాడు నిలబడి ఉన్నాడు, "రాసేసుకోండి సార్" అంటున్నాడు. త్వరగా చెప్పండి, 3 ఆ, 8 ఆ?