మినుకుమనే తెరను సమర్థిస్తూ

లినక్స్ ల్యాప్‌టాప్‌లో వీడియో పెట్టగానే తెర మినుకు మినుకుమంటే, అదేదో రోగమన్నట్టు వెంటనే మందు కోసం పరుగెత్తే తొందరపాటు ఈ మధ్య మన ఇళ్లలో బాగా పెరిగిపోయింది. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. సినిమా ఎవరైనా చూస్తారు. రెండున్నర గంటలు కదలకుండా కూర్చోగలిగితే చాలు. తెర ఏ మూల మినుకుమంటోందో, ఎన్ని క్షణాలకొకసారి మినుకుమంటోందో, మౌస్ కదిపితే ఎందుకు ఆగుతోందో గమనించడానికి మాత్రం సంస్కారం కావాలి. బోలెడంత తీరిక కూడా కావాలి గానీ, ఆ మాట ఇంట్లో పైకి అనకూడదు.

ముందుగా లక్షణ నిర్ణయం చేసుకోవాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు సైతం మినుకునూ చిరుగునూ ఒకే గాటన కట్టేస్తున్నారు. తెర ఒక బొమ్మను పైనుంచి కిందికి గీస్తూ సగంలో ఉండగానే మరో బొమ్మ వచ్చి పడితే, పై సగం పాతదిగానూ కింది సగం కొత్తదిగానూ కనిపించేది చిరుగు. బొమ్మ సరిగ్గానే ఉండి, వెలుతురు మాత్రం ఒక్క లిప్తపాటు చచ్చి మళ్లీ బతికేది మినుకు. చిరుగుకు, తెరమీద బొమ్మలు పరిచే ఎక్స్‌ఆర్గ్ అనే సాఫ్ట్‌వేర్ అమరికల ఫైలులో ‘టేర్‌ఫ్రీ’ అనే ఒక వరుస చేర్చమంటారు. మా మిత్రుడొకరు దాన్ని ‘టియర్‌ఫ్రీ’ అని చదువుకుని, ఇక కన్నీళ్లుండవని నమ్మి, ఉన్నది మినుకు కాగా చిరుగు మందు వేసి, మర్నాడు డెస్క్‌టాప్ కూడా రాని నల్లటి తెర ముందు కూర్చుని అసలైన కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ విద్యలో ఎవరిని సలహా అడిగినా, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు ముందు ‘ఎక్స్11నా, వేలాండా?’ అని అడుగుతారు. రెండూ లినక్స్‌లో కిటికీలనూ బొమ్మలనూ తెరమీదికి చేర్చే పద్ధతులే. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్, 1987లో పదకొండో రూపు దాల్చి ఆ అంకె దగ్గరే స్థిరపడిపోయింది. 2008లో మొదలైన వేలాండ్ ఆ పెద్దాయన గదిని కొంచెం కొంచెంగా ఆక్రమిస్తూ వస్తోంది. ఏది వాడుతున్నానని చెప్పినా అడిగినవారు రెండోదానికి మారమంటారు. నేను మారాను. మినుకు నాతోనే వచ్చింది.

ఇక నా పరిశోధన సంగతి. ఒక పాత సినిమాలో, నలభై రెండో నిమిషంలో, ఒక అమ్మాయి సంధ్యవేళ చంకలో ఇత్తడి బిందెతో కోనేటి మెట్లెక్కి వస్తుంది. ఆ మసక వెలుతురులో తెర కింది పావు భాగం, సరిగ్గా ఆమె కాళ్లూ మెట్లూ ఉన్నంత మేర, వణికేది. పరీక్షకు ఇంతకన్నా మంచి ఘట్టం దొరకదు కనుక ఆ నలభై క్షణాలనే వెనక్కి తిప్పి తిప్పి చూశాను. మూడు వారాల్లో ఆ అమ్మాయి ఎన్ని వందల సార్లు మెట్లెక్కిందో లెక్క లేదు. బిందె మాత్రం ఒక్కసారి కూడా దించలేదు. మౌస్ కదుపుతున్నంతసేపూ మినుకు ఆగేది కాబట్టి, ఒక రాత్రి కరెంటు లేని వేసవిలో మామగారికి విసనకర్ర విసిరినంత భక్తిగా గంటసేపు మౌస్ కదుపుతూనే కూర్చున్నాను.

స్క్రీన్‌షాట్ తీస్తే అందులో మినుకు లేదు; స్క్రీన్ రికార్డింగులోనూ లేదు. అంటే వంట బాగానే ఉంది, వడ్డనలోనే తేడా వస్తోంది. మూత ముందుకూ వెనక్కూ వంచి చూశాను, కీలు దగ్గరి కేబుల్ నిర్దోషి అని తేలింది. వీడియోను విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించే హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేశాను. మినుకు తగ్గలేదు గానీ ఫ్యాను పిండిమరలా అరిచింది. చివరికి హెచ్‌డీఎంఐ తీగతో హాల్లో టీవీకి తగిలిస్తే బొమ్మ నిండుచెరువులా నిలకడగా నిలిచింది.

“బాగానే వస్తోంది కదండీ, ఇందులోనే చూసేద్దాం,” అంది మా ఆవిడ.

సినిమా చూడటానికీ సమస్యను ఛేదించడానికీ ఉన్న తేడాను ఆమెకు ఓపికగా వివరించి, తీగ పీకేశాను. అదే సమయంలో అక్కడున్న మా బావమరిది “విండోస్ వేసేయండి బావగారూ” అన్నాడు. ఆ మాటను ఈ వ్యాసంలో చర్చించను.

దోషి దొరికింది. దాని పేరు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, పొట్టిగా పీఎస్ఆర్. తెరమీద బొమ్మ మారనప్పుడు గ్రాఫిక్స్ చిప్పు మళ్లీ మళ్లీ అదే బొమ్మను పంపకుండా కునుకు తీస్తుంది. తెర తన దగ్గర దాచుకున్న నకలునే చూపిస్తూ ఉంటుంది. నిన్నటి కూర వేడిచేసి పెట్టడమన్నమాట, బ్యాటరీ ఆదా కోసం. దీని రెండో తరం మరీ పొదుపరి: బొమ్మలో మారిన ముక్కను మాత్రమే పంపించి, పాత కూర మీద ఒక గరిటె కొత్త కూర వేసి కలిపేయమంటుంది. ఆ కలపడంలో చిప్పుకూ తెరకూ పొత్తు కుదరకపోతే మినుకు పుడుతుంది. నెలకు నాలుగు చీటీలు కట్టే ఇంట్లో ఇంత పొదుపును తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

అయినా శాస్త్రధర్మం పాటించాలి కనుక, యంత్రాన్ని నిద్రలేపే గ్రబ్ అనే ప్రోగ్రాము అమరికల ఫైలులో ‘క్వైట్ స్ప్లాష్’ పక్కన ‘ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0’ అని చేర్చి, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాను. మినుకు అలాగే ఉంది. మందు పారలేదని గంటసేపు విచారించాక తెలిసింది, రాసిన మార్పును అమల్లోకి తెచ్చే ‘అప్‌డేట్-గ్రబ్’ ఆదేశాన్ని నడపనేలేదని. డాక్టరు రాసిన చీటీని జేబులో పెట్టుకుని జ్వరం తగ్గలేదన్నట్టు. నడిపాను. నలభై రెండో నిమిషం పెట్టాను. కోనేటి మెట్లు రాతిమెట్లలాగే కదలకుండా నిలబడ్డాయి.

మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడే నాకొక న్యాయమైన సందేహం కలిగింది. సున్నా పెడితే ఈ పొదుపు పూర్తిగా ఆగిపోతుంది. ఒకటి పెడితే రెండో తరం మాత్రమే ఆగి, మొదటి తరం మిగులుతుంది, బ్యాటరీకి కొంత మేలు. మరి ఒకటితోనే మినుకు పోయేదేమో? తెలుసుకోకుండా సినిమా ఎలా చూస్తాం? సున్నా చెరిపి ఒకటి రాసి, ఈసారి మరచిపోకుండా ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపి, మళ్లీ స్టార్ట్ చేసి, ఆ అమ్మాయిని మళ్లీ కింది మెట్టు మీద నిలబెట్టాను.

“దించుతుంది లెండి,” అంది మా ఆవిడ గ్లాసు తీసుకుని లేస్తూ. “పై మెట్టు దగ్గరే దించుతుంది. పోయిన ఆదివారమే ఫోన్లో చూసేశాను.”