కంపెనీవారి హనుమాన్ భక్తి

ఈస్టిండియా కంపెనీకి మనం చాలా అన్యాయం చేశాం. దేశాన్ని దోచుకుపోయిందని పాఠాల్లో రాశామే గానీ, దాని ఆంజనేయ భక్తి గురించి ఒక్క ముక్క రాయలేదు. నమ్మకపోతే శనివారం రాత్రి చార్మినార్ నుంచి ముర్గీ చౌక్ వైపు నడవండి. తుప్పు తాళాలు, ఆగిపోయిన హెచ్ఎంటీ వాచీలు, మూతల్లేని అత్తరు సీసాల మధ్య రాగి బిళ్లలు గుట్టగా పోసి ఉంటాయి. ఒకవైపు కొండ ఎత్తిన హనుమంతుడు, రెండోవైపు కంపెనీ పేరు, 1818. ఆ ఏడు ఇక్కడ నిజాం సికందర్ జా సర్కారు మొగల్ పాదుషా పేరు మీదే నాణేలు కొట్టుకుంటోంది, పాపం. లండన్ దొరలు మాత్రం నేరుగా చాలీసా ఎత్తుకున్నారు.

మొన్న ఒకాయన (మెడలో ఆఫీసు ఐడీ కార్డు, శనివారం కూడా ఎందుకో) బిళ్ల తిప్పితిప్పి చూశాడు.

"ఒరిజినలేనా భాయ్?"

"అసలీ మాల్ అన్నా. తాతల నాటిది."

"ఇంకా పాతది లేదా?"

సంచిలోంచి 1717 వచ్చింది. "ఇంకా?" అంటే 1616 వచ్చింది, సీతారాముల పట్టాభిషేకంతో సహా. మరొక్కసారి అడిగుంటే త్రేతాయుగం అణా కూడా తీసేవాడే. 1616లో కంపెనీ వ్యాపారానికి అనుమతులిప్పించమని ఇంగ్లండు రాజు దూత థామస్ రో మొగల్ పాదుషా జహంగీర్ దర్బారులో పడిగాపులు కాస్తున్నాడు. ఖాళీ సమయంలో రామాయణం అచ్చు వేయించి ఉంటాడు. బిళ్ల అంచున పచ్చటి చిలుము కూడా ఉంది. ఐడీ కార్డాయన గోటికి అది పెచ్చుగా ఊడొచ్చింది. "చూశారా, ఎంత పాతదో" అన్నాడు పక్కవాళ్లతో. బేరం వందకి తెగింది.

ఆ ఫుట్‌పాత్ మనిషి మీద నాకేం కోపం లేదు. వందకి అంత వినోదం మల్టీప్లెక్స్‌లోనూ దొరకదు.

కానీ ఇలాంటి బిళ్లే ఊళ్లోకి వెళ్తే 'రైస్ పుల్లింగ్' నాణెం అవుతుంది. లోపల ఇరిడియం అనే అరుదైన లోహం ఉందట, బియ్యాన్ని లాగుతుందట, నాసా కోట్లిచ్చి కొంటుందట! గింజలకి ఇనుప పొడి పట్టించి, చాటున అయస్కాంతం పెడతారు దొంగ వెధవలు. టెస్టింగ్‌కింత, కెమికల్‌కింత, 'సైంటిస్టు' గారి ఖర్చులకింత అని లక్షలు గుంజుతారు. పొలం అమ్మిస్తారు. ముఠా దొరికిన రోజు పేపర్లో ముసుగులతో ఫొటో, బెయిల్ రాగానే పక్క జిల్లాలో మళ్లీ అదే ఆట. మోసపోయినవాడినేమో "అత్యాశ, బాగా అయింది" అని మనమే వెక్కిరిస్తాం. సిగ్గు లేదూ? వాడిది అత్యాశ, ఐడీ కార్డాయనది మాత్రం హాబీ!