జీపులోని చిన్న గేరు రాడ్డుకు బహిరంగ లేఖ

శ్రీయుత చిన్న గేరు రాడ్డు గారికి,
2008 మోడల్ డీజిల్ జీపు, ఏపీ 31 నంబరు ప్లేటు, పెద్ద గేరు రాడ్డు పక్కన.

నమస్కరించి వ్రాయునది. నేను ఇక్కడ క్షేమం. తమరి నల్ల బుడిపె మీది అక్షరాలు కూడా క్షేమమని, ఈ పాత జీపు కొందామని నర్సీపట్నం దాటి వచ్చి కళ్లారా చూశాను. బండికి పదిహేడేళ్లు. స్టీరింగు అరిగి నున్నబడింది. క్లచ్ పెడలు రబ్బరు పోయి ఇనుము బయటపడింది. డ్రైవరు సీటుకి కూర్చున్నవాళ్ల ఆకారం వచ్చేసింది. మీ బుడిపె మీద మాత్రం, ఇంజిను బలం వెనక రెండు చక్రాలకేనా నాలుగింటికీనా అని చెప్పే 2హెచ్, 4హెచ్, ఎన్, 4ఎల్ నిన్న చెక్కినట్టున్నాయి. షోకేసులో పెట్టిన పెళ్లినాటి వెండి గ్లాసుల్లా, వాడకానికి కాదు, వచ్చినవాళ్లు చూడటానికి.

ఓనరు గారు దీన్నే గొప్పగా చెప్పారు. "ఫోర్ వీల్ ఒక్కసారి కూడా వెయ్యలేదు బాబూ. కొత్తది కొత్తగా ఉంది." నేను తల ఊపాను. అదే జీపు టూ వీల్ అయితే లక్ష తక్కువకి వస్తుంది. అంటే ఆ లక్షా తమరే.

తమరి దాకా రావడానికి మాకు మూడు గంటలు పట్టింది. నాతో వచ్చిన మెకానిక్ మేస్త్రీ ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. కాలింది. "మేమొచ్చే ముందు స్టార్ట్ చేశారాండీ?" అన్నాడు. "శనివారం కదా, పూజకి బయటికి తీశాం" అన్నారు ఓనరు గారు. పూజ అయిన ఇంజిను ఎప్పుడైనా టక్కున అందుకుంటుంది, దాని అసలు సంగతి చల్లారాకే తెలుస్తుందని మేస్త్రీ నా చెవిలో చెప్పాడు. రెండు సార్లు టీ తాగాం, ఒకసారి పెసరట్టు తిన్నాం. చల్లారాక సెల్ఫ్ కొడితే నాలుగో సారికి అందుకుని నీలం పొగ వదిలింది. నీలం అంటే ఆయిలు కాలుతున్నట్టు. నల్లపొగ అయితే ఫిల్టరో ఇంజెక్టర్లో అని సర్దుకోవచ్చు, నీలానికి సర్దుబాటు లేదు. ఇంజిను ఆడుతుండగానే ఆయిలు మూత విప్పి బోర్లా పెడితే ఇడ్లీ కుక్కర్ మూతలా ఎగిరెగిరి పడింది. "బ్యాక్ కంప్రెషన్, లోపలి గాలి పైకి తన్నుతోంది" అన్నాడు మేస్త్రీ, జ్వరం ఎంతుందో చెప్పే డాక్టరులా.

ఆ తర్వాత మా ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం తీశాను. బాడీ అంతా అతుక్కుంది కానీ, వెనక చక్రం పైన జానెడు మేర జారి కింద పడింది. రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. ఛాసిస్‌కి, అంటే అడుగున ఉండే ఇనుప చట్రానికి, తారులాంటి నల్లరంగు కొత్తగా కొట్టి ఉంది. పెళ్లిచూపుల్లో మరీ మందంగా పౌడరు కనిపిస్తే ఎంత అనుమానమో మేస్త్రీకి దాన్ని చూస్తే అంత అనుమానం. చిన్న సుత్తితో అడుగడుగునా కొట్టి విన్నాడు. ఒక్కచోట తప్ప అంతా ఖంగుమంది. ఆ ఒక్కచోటా దబ్బుమంది. కాగితాల్లో మాత్రం ఏ గొడవా లేదు. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలిసింది, బ్యాంకు లోను ఎప్పుడో తీరింది. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ కూడా రెన్యువల్ చేయించారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 కాదు, 5,000. ఆ సంగతి ఓనరు గారు ముచ్చటగా మూడుసార్లు గుర్తుచేశారు.

ఇంత అయ్యాక తమరి వంతు వచ్చింది. భయపడుతూ పట్టుకుని లాగాను. వెన్నలో చాకు దిగినట్టు 4హెచ్‌లో పడ్డారు. నేను మురిసిపోయాను. మేస్త్రీ మొహం మాడిపోయింది.

"పదిహేడేళ్లు ముట్టని రాడ్డు ఇంత మెత్తగా పడకూడదు సార్. బిగుసుకుపోయి ఉండాలి. రెండు చేతులతో లాగి, నాలుగు తిట్లు తిట్టాక పడాలి."

అయితే తారురోడ్డు మీద తిప్పి చూద్దామన్నాను. వద్దన్నాడు. ఈ జీపుల్లో ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, అదే డిఫరెన్షియల్, వాటి మధ్య ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనైతే జారి సర్దుకుంటాయి. తారు మీద జారవు, లోపల గేర్లు మెలిపడతాయి. కాబట్టి బండిని పక్కనే దున్నిన మడిలోకి దించాం. 4ఎల్ వేశాం, అంటే నాలుగు చక్రాలకీ లో గేరు. ఇంజిను గట్టిగా మూలిగింది. వెనక చక్రాలు రెండూ బురదలో గిరగిరా తిరిగి మేస్త్రీ చొక్కాకి కొత్త డిజైను వేశాయి. ముందు చక్రాలు మాత్రం పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాల్లా కదలకుండా చూస్తూ ఉన్నాయి.

మేస్త్రీ గోనెసంచి పరుచుకుని కింద దూరాడు. ఇంజిను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు నుంచి ముందు ఇరుసు హౌసింగ్‌కి, ఆ బలం మోసే ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండాలి. అది లేదు. అది బిగించాల్సిన చోట ఒక పంచదార కవరు, దాని చుట్టూ పురికొస. దుమ్ము పడకూడదని కాబోలు, ముడి కూడా శ్రద్ధగానే వేశారు.

"మైలేజీ రావట్లేదని నాలుగేళ్ల కింద తీయించేశాం బాబూ. ఎలాగూ వెయ్యం కదా" అన్నారు ఓనరు గారు. అబద్ధం ఆడినట్టు ఎక్కడా లేదు. ఫోర్ వీల్ ఒక్కసారి కూడా వెయ్యలేదు. వెయ్యడం కుదరదు.

ఇంక నిన్ను మీరు అనడం నా వల్ల కాదు. 1941లో అమెరికా సైన్యానికి చేసిన విల్లీస్ జీపులో మీ వంశంవాళ్లు ఇద్దరు ఉండేవారు, ముందు చక్రాలకి ఒకడు, లో గేరుకి ఒకడు. యుద్ధమంతా తిరిగారు. వాళ్ల మనవడివి నువ్వు, పంచదార కవరుకి డ్యూటీ చేస్తూ, లాగితే ఠీవిగా 4హెచ్‌లో పడతావా? కనీసం కొంచెం బిగుసుకుని నిజం చెప్పొచ్చు కదరా.

అయినా నిన్ను ఎక్కువ అనలేను. నువ్వు నాకెందుకని దారిలో మేస్త్రీ అడిగితే లంబసింగి ఘాటెక్కడానికి అన్నాను. ఆ ఘాటు ఆర్‌టీసీ బస్సు రోజూ ఎక్కుతుంది, వెనక చక్రాలతోనే, పైన కూరగాయల బుట్టలేసుకుని మరీ. అసలు విషయం వేరు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్కింటాయన బండికి నీలాంటివాడు లేడు.

మరి షాఫ్ట్ ఎక్కడుందని అడిగాం. ఓనరు గారు పెరట్లోకి తీసుకెళ్లారు. నీ షాఫ్ట్ అక్కడే ఉంది, సగం భూమిలో పాతి. పైన జాయింటు చీలికలోంచి పలుపుతాడు పోనిచ్చి దానికి చూలు గేదెను కట్టారు. తాడు జారకుండా ఆ చీలిక భలే పనికొస్తోందని ఓనరు గారి భార్య చెప్పారు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఊగలేదట.

లక్షలో డెబ్బై వేలు తగ్గించారు. అడ్వాన్సు ఇచ్చేశాను. గేదె పది రోజుల్లో ఈనుతుందట, అంతదాకా షాఫ్ట్ పీకడం కుదరదన్నారు. వచ్చేటప్పుడు దాంతోపాటు జున్నుపాలు కూడా పంపిస్తామన్నారు.

ఇట్లు,
నీ కాబోయే ఓనరు